మా తమ్ముడు పలికిన హాజరు

మా తమ్ముణ్ని కాలేజీలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. వాడి పేరు 'హాజరు'. లెక్చరర్లు కూడా అలాగే పిలిచేవాళ్లంటే నమ్మండి. క్లాసుకి రానివాడి బదులు వచ్చినవాడు 'ప్రెజెంట్ సార్' అని పలకడం ప్రతి కాలేజీలోనూ ఉన్నదే గానీ, మావాడిది ఆషామాషీ వ్యవహారం కాదు. ముక్కుతో మాట్లాడేవాడికి ముక్కుతో, నంగినంగిగా మాట్లాడేవాడికి నంగినంగిగా, జలుబు చేసినవాడికి జలుబుతో సహా పలికేవాడు. సగం క్లాసు సినిమాకి పోతే ఆ సగమూ వీడే. ఒకరోజు లెక్కల సారు రిజిస్టరు మూసేసి, "ఒరేయ్, క్లాసులో నువ్వొక్కడివే ఉన్నా నాకు నిండుగానే వినబడుతుందిరా" అన్నాడట. ఆ మాట ఇంట్లో చెప్పుకుని మేము పడీపడీ నవ్వాం.

నాకు బ్యూటీ పార్లర్ ఉంది. రోజంతా కనుబొమలు తీస్తూ, జుట్టు కత్తిరిస్తూ, నోరాడిస్తూ బతుకుతాను. నోరు లేనివాళ్లు ఈ వృత్తిలో నిలబడలేరు లెండి. తమ్ముడు తీరిక దొరికినప్పుడల్లా వచ్చి మా కస్టమర్ల గొంతులు చేసి వినిపించేవాడు. బ్యాంకావిడ అని ఒకావిడ ఉంది, బ్యాంకులో క్యాషియరు, వారం వారం వస్తుంది. ఆవిడైతే తన గొంతు తనే విని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేది. వెళ్తూ వెళ్తూ మా మేనేజరుది కూడా నేర్చుకోరా అని ఆర్డరు ఇచ్చి మరీ వెళ్లేది.

వాడు చెడ్డవాడు కాడు. ఈ మాట చెప్పడం నాకిప్పుడు ఇబ్బందిగానే ఉంది, అయినా చెప్పాలి. ఎవడైనా జ్వరంతో పడుకుంటే వాడికి హాజరు పోకూడదు, అదీ వీడి లెక్క. పేరు పిలిస్తే గొంతు పలకాలి, టిక్కు పడాలి, ఆ పిల్లాణ్ని పరీక్షకి కూర్చోనివ్వాలి. పేరు పిలవడానికి అంతకు మించి ఇంకో అర్థం ఉంటుందని వాడికే కాదు, మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మూడో ఏడులో కాలేజీ వాళ్లు వాణ్ని ఎక్స్‌ఛేంజ్ సెమిస్టరుకి ఎంపిక చేశారు. అంటే ఒక్క సెమిస్టరు వేరే దేశం యూనివర్సిటీలో చదువుకుని, మళ్లీ వచ్చి ఇక్కడే డిగ్రీ పూర్తి చేయడం అన్నమాట. మా ఇంట్లో అప్పటిదాకా విమానం ఎక్కినవాళ్లు లేరు. ఇక నేను ఆగుతానా? పార్లర్‌లో టాంటాం వేశాను. మెడ చుట్టూ గుడ్డ కట్టి కుర్చీలో కూర్చోబెట్టాక మనిషి ఎక్కడికి పోతుంది? వినాల్సిందే.

వెళ్లిన కొత్తలో రోజూ ఫోన్ చేసేవాడు. మూడో అంతస్తులో గది, రెండు మంచాలు, ఒకే కిటికీ, అంతస్తుకో వంటగది, కింద నేలమాళిగలో బట్టలు ఉతికే యంత్రాలు, ఆరబెట్టే యంత్రాలు. రూమ్మేటు ఇంకేదో దేశం కుర్రాడు, గుమ్మంలోంచి తలొంచకుండా రాలేనంత పొడుగు. మావాడు వాడికి 'నిచ్చెన' అని పేరు పెట్టి, అర్థం కూడా చెప్పాడట. ఆ కుర్రాడు కోపం తెచ్చుకోకపోగా గది తలుపు మీద అదే రాసి అంటించుకున్నాడట. నిచ్చెనది బొంగురు గొంతు, మాట చివర కాస్త సాగదీస్తాడు. కొన్నాళ్లకే మావాడు ఆ గొంతు పట్టేశాడు. నిచ్చెనే వంటగదిలో నలుగురిని పోగేసి, నా గొంతు చెయ్ చెయ్ అని వెంటపడి చేయించేవాడట.

ఆ హాస్టల్లో ఒక పద్ధతి ఉంది. వంటగదిలో ఎవరైనా రొట్టె మాడ్చినా సరే, గోడమీది గంట మోగుతుంది. మోగిందంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి బయట పచ్చికలోకి వచ్చి నిలబడాలి. అంతస్తుకో విద్యార్థి ఇన్‌ఛార్జి ఉంటారు, వాళ్లు పేర్లు పిలుస్తారు. రానివాళ్లని తర్వాత ఆఫీసుకి పిలిపించి చీవాట్లు పెడతారు. మావాడి అంతస్తుకి నర్సింగ్ చదివే ఒకమ్మాయి ఇన్‌ఛార్జి. ఆ పని చేస్తున్నందుకే ఆమెకి గది ఉచితంగా ఇచ్చారు.

"ఇక్కడా హాజరేనే అక్కా! నన్ను వదలట్లేదు" అని ఫోన్లో ఒకటే నవ్వు.

"మరింకేం, నీ దుకాణం తెరువు" అన్నాను నేను. అప్పుడు నాకదే జోకు.

సెమిస్టరు చివర్లో ఒక ఆదివారం పొద్దున ఆ హాస్టల్లో నిజంగానే నిప్పంటుకుంది. ముందు మాకు ఎలా తెలిసిందో అలాగే చెబుతాను. ఆరబెట్టే యంత్రంలో బట్టల నూగు పేరుకుని మండిందట. అందరూ బయటికొచ్చారు, నిచ్చెన ఒక్కడే గదిలో నిద్రపోతూ ఉండిపోయాడు. వాడు లోపలున్నాడని అరిచి చెప్పింది మా తమ్ముడే. ఫైరింజను వాళ్లు పైకి పరిగెత్తి, పొగలో స్పృహ తప్పినవాణ్ని భుజాన వేసుకొచ్చారు. ఊపిరితిత్తుల్లోకి పొగ పోయి చాలా రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు గానీ ప్రాణం నిలబడింది. వాళ్లమ్మ విమానం ఎక్కి వచ్చి మా తమ్ముణ్ని కావలించుకుని ఏడ్చిందట.

ఈ సంగతి మాకు చెప్పింది వాడు కాదు. అక్కడి యూనివర్సిటీ ఇక్కడి కాలేజీకి మెయిల్ పెడితే, ప్రిన్సిపాలే నాన్నకి ఫోన్ చేశాడు. నాన్న డ్రైవింగ్ స్కూల్ నడుపుతారు. పక్క సీట్లో కూర్చుని నేర్పుతున్నవారు బండి పక్కకి ఆపించి, ఆ నేర్చుకునే అమ్మాయి ముందే భోరుమన్నారట. అమ్మ వీధిలో ఎవరినీ వదల్లేదు. నేనైతే కనుబొమకి ఒకసారి చొప్పున చెప్పాను. కుడి కనుబొమ తీస్తున్నప్పుడు మంట, ఎడమది తీస్తున్నప్పుడు మా తమ్ముడి కేక.

వాడికి ఫోన్ చేసి "ఏంట్రా, మాకు చెప్పనే లేదు!" అంటే, "అందులో చెప్పడానికేముంది" అని పెట్టేశాడు. ఎంత వినయమో చూడండి అని దాన్ని కూడా కలిపి చెప్పాను అందరికీ.

వాడు తిరిగొచ్చాడు. చిక్కిపోయాడు, అన్నం సరిగ్గా తినడు, గది తలుపు వేసుకుని పడుకుంటాడు. ప్రయాణం బడలిక అనుకున్నాం. కాలేజీ వాళ్లు అభినందన సభ పెట్టారు, గేటు ముందు వాడి ఫోటోతో బ్యానరు కూడా కట్టారు. ఆ జుట్టుతో వేదిక ఎక్కుతావా అని, సభ ముందురోజు మధ్యాహ్నం వాణ్ని బలవంతాన పార్లర్‌కి లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను.

కత్తెర పెట్టానో లేదో బ్యాంకావిడ తలుపు తోసుకుని వచ్చింది.

"వచ్చావా హీరో! ఏదీ, మా మేనేజరు గొంతు ఒక్కసారి. నువ్వు లేక చచ్చిపోతున్నాం."

"మానేశానండీ" అన్నాడు వాడు.

"మానేయడానికి అదేమన్నా సిగరెట్టా? ఒక్కసారి అను నాన్నా."

వాడు మెడకి కట్టిన గుడ్డతో సహా లేచి, వెనక వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తి భళ్లున కక్కుకున్నాడు. పాపం ఆవిడ బిక్కచచ్చిపోయి, మళ్లీ వస్తానమ్మా అంటూ వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏంట్రా ఆ వేషాలు? నాలుగు నెలలు బయటి నీళ్లు తాగేసరికి మా మొహాలు చూస్తే వాంతులొస్తున్నాయా?"

వాడు మొహం కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అద్దంలో నన్ను చూస్తూ అన్నాడు.

"అక్కా, ఆరోజు నిచ్చెన పేరు పిలిచినప్పుడు పలికింది నేనే."

నాకు ముందు బోధపడలేదు. "పలికితే ఏమైంది?" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక అర్థమైంది.

"పాల కోసం బయటికెళ్లాను. నేను వెళ్లేటప్పుడు వాడు ముసుగుతన్ని పడుకునే ఉన్నాడు. తిరిగొచ్చేసరికి గంట మోగుతోంది, అందరూ పచ్చికలో ఉన్నారు. ఎప్పట్లాగే ఎవరో రొట్టె మాడ్చారనుకున్నా. వాడికి ఇదివరకే చీవాట్లు పడ్డాయక్కా. ఇంకోసారి కిందికి రాకపోతే హాస్టల్లోంచి పంపేస్తామన్నారు. ఆ అమ్మాయి వాడి పేరు పిలిచింది. నేనేం ఆలోచించలేదు. నోరు దానంతటదే పలికేసింది."

"వాడి గొంతుతోనా?"

"వాడి గొంతుతోనే. ఆ అమ్మాయి తల కూడా ఎత్తలేదు, టిక్కు పెట్టేసింది. ఫైరింజను వాళ్లొచ్చి అందరూ ఉన్నారా అంటే ఉన్నారంది. వాళ్లు నేలమాళిగలోకి దిగారు, పైకి ఎవరూ వెళ్లలేదు. పొగ మెట్ల మీంచి పైకి పోయింది. మా కిటికీ దగ్గర పొగ కనబడింది."

"అప్పుడు అరిచావు."

"అప్పుడు అరవలేదు."

"మరి?"

"చెబితే పలికింది నేనేనని తెలిసిపోతుంది కదా. వాడు లేచి ఎటో వెళ్లి ఉంటాడులే, వెనక మెట్ల మీంచి దిగి ఉంటాడులే అనుకుంటూ నిలబడ్డా. చేతిలో పాల డబ్బా పట్టుకుని నిలబడ్డానక్కా."

"ఎంతసేపురా?"

"చాలాసేపు."

చివరికి అరిచినప్పుడు కూడా 'నా రూమ్మేటు కనబడట్లేదు' అన్నాడట గానీ, పలికింది నేనని అనలేదు.

నా మొదటి ఆలోచన ఏంటో చెబితే మీరు ఛీ అంటారు. రేపటి సభ గుర్తొచ్చింది. గేటు ముందు బ్యానరు గుర్తొచ్చింది. ఈ కుర్చీలో కూర్చుని నా కథ విన్న ఆడవాళ్లందరి మొహాలూ వరసగా కళ్లముందు తిరిగాయి, ఇక వాళ్లకి నా మొహం ఎలా చూపించనురా భగవంతుడా అనుకున్నాను. ఆ తర్వాతే ఆ కుర్రాడు గుర్తొచ్చాడు.

"సరేలే, కంగారులో జరిగింది" అన్నాను, వాడికి చెబుతున్నానో నాకే చెప్పుకుంటున్నానో తెలీకుండా. "ఆ అబ్బాయి బతికి బట్టకట్టాడు. ఇంకెవరికీ ఏం నష్టం లేదుగా?"

"ఉంది" అన్నాడు.

ఆ ఇన్‌ఛార్జి అమ్మాయి సంగతి అప్పుడు చెప్పాడు. తప్పుగా చెప్పినందుకు ఆమెని ఆ పని నుంచి తీసేశారు, దాంతో గదీ పోయింది. నా చెవులతో విన్నాను, అతను పలికాడు అంటుంది ఆమె. పైన ఒళ్లు తెలీకుండా పడి ఉన్నవాడు కింద ఎలా పలికాడమ్మా అన్నారు అందరూ. వంటగదిలో వీడి గొంతులు విన్నవాళ్లకి కూడా, కాపాడినవాడి మీదికి అనుమానం పోలేదు. నిచ్చెన తల్లి ఆమె మీద ఫిర్యాదు పెట్టింది. లేని మనిషి ఉన్నాడని రాసే పిల్లని రేపు రోగుల దగ్గర ఎలా నమ్మడం అని నర్సింగ్ వాళ్లు విచారణ మొదలుపెట్టారు. వచ్చే వారం తేల్చేస్తారు. తప్పు ఆమెదేనని తేలిస్తే ఆమె చదువు అంతటితో సరి.

"ఆమె నన్ను అడిగిందక్కా" అన్నాడు. "బయల్దేరే ముందు పెట్టె సర్దుకుంటుంటే వచ్చింది. నువ్వూ అక్కడే నిలబడ్డావు, అతని గొంతు నీకూ వినబడే ఉంటుంది, విన్నానని ఒక్కమాట చెప్పు చాలు అంది."

"ఏం చెప్పావు?"

వాడు అద్దంలోంచి చూపు తప్పించాడు.

"నాకేం వినబడలేదన్నాను."

ఆమె కాసేపు అక్కడే నిలబడి, 'అయితే నాకే అలా అనిపించిందేమో' అని, తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయిందట.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చెయ్యెత్తాను కూడా. అద్దంలో ఎత్తిన చెయ్యీ, కింద వాడి తడి మొహమూ కనబడి దించేశాను.

"పచ్చిక మీద నిలబడ్డప్పుడు భయమేసింది, ఒప్పుకుంటాను. పెట్టె సర్దుకుంటున్నప్పుడు ఏముందిరా? మంట ఉందా? పొగ ఉందా? ఒక ఆడపిల్ల ఎదురుగా నిలబడి నా మతి సరిగ్గానే ఉందా అని అడుగుతుంటే, లేదని చెప్పి పంపిస్తావా? నువ్వు మనిషివేనా?"

"కాదక్కా" అన్నాడు. ఏడుపు లేదు, ఏమీ లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. దాంతో నాకు ఇంకా ఏడుపొచ్చింది.

"ఫోన్ తియ్" అన్నాను.

ఆ అమ్మాయి రెండోసారికి ఎత్తింది. స్పీకరు పెట్టమన్నాను. వాళ్ల మాటలు నాకు సగమే అందుతాయి గానీ, వాడు చెప్పడం మొదలుపెట్టాక అవతల మనిషి ఊపిరి ఆగినట్టయిపోవడం మాత్రం తెలిసింది. చివరికి ఆమె అన్నది వాడే నాకు తెలుగులో చెప్పాడు. 'నా మీద జాలితో ఇప్పుడు కథ అల్లుతున్నావు. అది అతని గొంతే. నాకు తెలుసు.' అంటే నమ్మలేదన్నమాట. తనవైపు నిజం వచ్చి నిలబడినా నమ్మలేని స్థితికి తెచ్చి పెట్టాం ఆ పిల్లని. 'అయితే ఆఫీసు వాళ్ల ముందు ఇదే చెబుతావా?' అని అడిగింది. చెబుతానన్నాడు.

సాయంత్రం ఇంట్లో చెప్పాం. అమ్మ నోరు నొక్కుకుని కూర్చుండిపోయింది. తర్వాత, "ఇప్పుడు చెప్పకపోతే ఏం పోయింది? వాడు బతికాడుగా, ఆ పిల్ల ఇంకేదో చదువుకుంటుంది" అంది. అమ్మ చెడ్డమనిషి కాదు, కొడుకు కోసం ఆ మాట వచ్చేసింది. నాన్న ఆమె వంక చూశారంతే. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్న తమ్ముణ్ని ఒక్కమాట కూడా అనలేదు. మర్నాడు పొద్దున్నే కాలేజీకి ఒక్కరే వెళ్లి, ప్రిన్సిపాలుకి ఉన్నదున్నట్టు చెప్పి, సభ వద్దని చెప్పి వచ్చారు. బ్యానరు విప్పడానికి మనిషి ఇంకా రాలేదంటే, తనే నిచ్చెన— ఛీ, ఎక్కే వస్తువుకి ఆ మాట ఇప్పుడు నా నోట రావట్లేదు— తనే స్టూలు వేసుకుని విప్పారట. చుట్టూ పిల్లలు చూస్తూ నిలబడ్డారని ఎవరో తర్వాత చెప్పారు. మా నాన్న ఆ స్టూలు మీద నిలబడ్డ దృశ్యం నేను చూడలేదు, చూడనందుకు బతికిపోయాను.

రెండ్రోజులకి వీడియో కాల్ పెట్టారు. ఇంట్లో అమ్మ ముందు కూర్చోలేనని తమ్ముడు పార్లర్‌కి వచ్చాడు. నేను బోర్డు తిప్పి, తలుపు గడియ వేసి, లాప్‌టాప్ అద్దం ముందు బల్ల మీద పెట్టాను. తెరమీద ఒక పొడవాటి బల్ల. ఒక చివర ఆ అమ్మాయి, సన్నగా, జుట్టు గట్టిగా వెనక్కి లాగి కట్టుకుని. మధ్యలో యూనివర్సిటీ ఆఫీసరు. ఈ చివర నిచ్చెన, అతని పక్కన వాళ్లమ్మ. అంత పొడుగువాడు కుర్చీలో కుంచించుకుపోయి ఉన్నాడు, మధ్యమధ్య దగ్గుతున్నాడు. మా తమ్ముణ్ని చూడగానే వాళ్లమ్మ మొహం విప్పారింది. ఇంకా ఏమీ తెలీదు ఆవిడకి. చెయ్యి కూడా ఊపింది. నేను ఆ చెయ్యి చూడలేక పక్కకి తిరిగాను.

తమ్ముడు చెప్పాడు. పాల డబ్బాతో సహా అంతా చెప్పాడు. పెట్టె దగ్గర ఆ అమ్మాయితో అన్న మాట కూడా చెప్పాడు. నిచ్చెన తల్లి చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది. కాసేపటికి ఆఫీసరుతో ఏదో అని, గట్టిగా తల అడ్డంగా ఊపింది. కాదు, ఈ అబ్బాయి అలాంటివాడు కాదు, ఆ పిల్లని కాపాడడానికి చెబుతున్నాడు అంటోందని తమ్ముడు నాకు గుసగుసగా చెప్పాడు. అంత నమ్మకానికి మేమిచ్చింది అబద్ధమే కదా!

ఆఫీసరుకి కూడా సందేహమే. "ఈ అమ్మాయికి అతని గొంతు బాగా తెలుసు. వేరే ఎవరో పలికితే పోల్చుకోలేదా? ఆరోజు ఎలా పలికారో ఇప్పుడు పలకండి" అన్నాడు.

తమ్ముడు నావంక చూశాడు. చిన్నప్పటినుంచీ వాడు ఏ గోతిలో పడ్డా నావంకే చూస్తాడు, నేను ఏదో ఒకటి వాగి బయటపడేస్తాను. ఆరోజు నేను చేయగలిగింది ఒక్కటే. గ్లాసుతో నీళ్లిచ్చాను. తాగాడు. ఆఫీసరు నిచ్చెన పేరు పిలిచాడు. మావాడు కళ్లు మూసుకుని పలికాడు.

నా పక్కన కూర్చున్న మనిషిలోంచి ఒక పరాయి కుర్రాడి బొంగురు గొంతు, చివర కాస్త సాగుతూ, బయటికొచ్చింది. తెరమీద నిచ్చెన పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. అయినా వాళ్లమ్మ చటుక్కున కొడుకు వైపు తిరిగి చూసింది.

కన్నతల్లి, పక్కనే ఉండి, కొడుకే పలికాడనుకుంది.

ఆ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నిచ్చెన తల్లి మావైపు చూస్తుందేమో, తిడుతుందేమో అని ఎదురుచూశాను. తిట్టినా బాగుండును అనిపించింది. ఆవిడ మమ్మల్ని చూడనే లేదు. లేచి, బల్ల చుట్టూ నడిచి ఆ అమ్మాయి దగ్గరికెళ్లి, ఆమె చేతులు మొహం మీంచి తీసి తన చేతుల్లోకి తీసుకుని క్షమాపణ అడిగింది. అది నాకు ఎవరూ తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. ఆ అమ్మాయికి చెప్పాలని మా తమ్ముడు రాత్రంతా కూర్చిపెట్టుకున్న మాట అదే. వాడింకా ఆ మాట అననే లేదు, ఆవిడ అడిగేసింది. కాల్ ఆపేయాలని వాళ్లకి గుర్తులేదు, ఆపడానికి మాకు చేతులు రాలేదు. మేమిద్దరం తల దించుకుని ఆ తెర ముందు అలాగే కూర్చున్నాం.